తెరను అడగని ప్రశ్న

పోయినవారం పురుగులమ్మను ఆఫీసు సామాన్ల గది ముందు, చేతిలో తాళంచెవితో నిలబెట్టి వదిలేశాం. కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవారి కోసం నాలుగు ముక్కలు చెప్పి తలుపు తీస్తాను.

పురుగులమ్మ అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. 'పలక' అనే ప్రోగ్రాంలో దాక్కున్న తప్పుల్ని, కంప్యూటరువాళ్ల మాటలో చెప్పాలంటే పురుగుల్ని, ఏరిపారేయడమే పదమూడేళ్లుగా ఆమె పని. పలక పెద్ద విడ్డూరమేమీ కాదు. తెర మీద రాసుకోవడానికి, రాసింది దిద్దుకోవడానికి పనికొచ్చే ప్రోగ్రాం. పెద్దాసుపత్రిలో డాక్టర్లు మందులు రాసేది అందులోనే, వార్డులో నర్సులు చదివేదీ అందులోనే. ఒకసారి రాసిన మందును చెరిపేయకూడదని అక్కడి నియమం. వద్దనుకుంటే డాక్టరు ఆ లైను మీద అడ్డంగా గీత కొడతాడు. అక్షరాలు అలాగే ఉంటాయి, గీత చూసి నర్సు ఆ మందు ఆపేస్తుంది.

పదకొండు రోజుల కిందట ఆ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న ఆమె ఆడపడుచు, కొట్టేసిన మందును ఒక దర్జీకి ఎక్కించింది. రక్తాన్ని పలచబరిచే మందు. ఆపరేషన్ చేసిన చోట లోపల రక్తం ఆగలేదు. దర్జీ ఇంకా కళ్లు తెరవలేదు. "తెర మీద గీత లేదు" అని ఆ పిల్ల నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆసుపత్రి పెద్దలు వెళ్లి డాక్టరు గదిలో కొత్త తెర చూశారు. గీత స్పష్టంగా ఉంది. దాంతో నిర్లక్ష్యానికి తోడు అబద్ధం కూడా ఆమె మెడకు చుట్టుకుంది. తోడబుట్టిన అన్న సైతం, "అలసిపోయి సరిగ్గా చూసుండవులే, ఒప్పేసుకో" అన్నాడు. నమ్మింది వదిన ఒక్కతే. విచారణ ఈ మంగళవారం మధ్యాహ్నం మూడింటికి. ఆ తర్వాత సంగతి పోలీసులు చూసుకుంటారని ముందే చెప్పేశారు.

ఇప్పుడు మంగళవారం ఉదయం పది దాటింది.

* * *

తలుపు తెరుచుకోగానే దుమ్ము వాసన గుప్పుమంది. విరిగిన కుర్చీలు, చిక్కుపడిన వైర్ల కట్టలు, ఎవరికీ అక్కర్లేని కీబోర్డుల గుట్ట. పురుగులమ్మ కుర్తా చేతులు మోచేతుల దాకా పైకి మడుచుకుని ఆ గుట్టలోకి దిగింది. ఆడపడుచు వెనకాలే వచ్చింది. పదకొండు రోజులుగా యూనిఫాం లేదు. అయినా ఆమె చేయి మాటిమాటికీ గుండెల మీద లేని జేబును వెతుక్కుంటోంది, పెన్ను కోసం. మనిషి సగమైపోయింది. మెట్ల మీద ఎవరి అడుగు వినపడినా ఉలిక్కిపడుతోంది.

"పోలీసులు ఇక్కడికి కూడా వస్తారా వదినా?"

"మూడింటిదాకా ఎవరూ రారు. ఇలా రా, అటువైపు పట్టు."

అట్టడుగున దొరికింది వాళ్లు వెతుకుతున్నది. పాతకాలపు కంప్యూటరు తెర: బూడిదరంగు డబ్బా, ముందు ఉబ్బెత్తు అద్దం. ఇద్దరూ చెరోవైపు పట్టుకుని బల్ల మీదకు చేర్చేసరికి ఆయాసం వచ్చింది.

"మీ వార్డులో ఉన్నది ఇలాంటిదేనా? సరిగ్గా చూసి చెప్పు."

"ఇదే. అచ్చం ఇదే. మాదానికి ఈ బొత్తాం ఊడిపోయింది. అగ్గిపుల్ల పెట్టి నొక్కుతాం."

పాత తెర పక్కన కొత్త తెర ఒకటి పెట్టి, పురుగులమ్మ రెండింటినీ పలకకు కలిపింది. ఆసుపత్రిలో పాతవీ కొత్తవీ అన్ని తెరలకూ అక్కడి టెక్నీషియను ఒకటే పేరు పెట్టేశాడని, ఒక్కోదానికి ఒక్కోటి పెట్టే ఓపిక లేక అలా చేశాడని పోయినవారమే తెలిసింది. కాబట్టి ఆమె కూడా ఈ ముసలి డబ్బాకు కొత్త తెర పేరే పెట్టింది. అద్దం వెచ్చబడటానికి అర నిమిషం పట్టింది. ఆ తర్వాత పచ్చటి అక్షరాలు ఒక్కొక్కటిగా తేలాయి.

ఆమె రెండు మందుల పేర్లు రెండు లైన్లలో కొట్టింది. రెండోదాన్ని రద్దు చేసింది. రెండు తలలూ ఒకేసారి ముందుకు వంగాయి.

కొత్త తెర మీద రెండో లైనుకు నడుము దగ్గర అడ్డంగా సన్నటి గీత ఉంది. పాత తెర మీద లేదు. రెండో లైను కూడా మొదటి లైనులాగే నిక్షేపంగా ఉంది.

ఆడపడుచు అద్దానికి ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లింది. వేలితో ఆ అక్షరాల మీద తడిమి చూసింది.

"లేదు కదా? నువ్వూ చూస్తున్నావు కదా వదినా? లేదు కదా?"

"లేదు."

"నేను అబద్ధం చెప్పలేదు."

"లేదు తల్లీ. చెప్పలేదు."

అంతే. పదకొండు రోజులుగా కట్టెలా బిగుసుకుపోయిన మనిషి ఆ దుమ్ములోనే కూలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "నాకే పిచ్చెక్కిందనుకున్నాను వదినా. కళ్లు మూసుకుంటే ఒకసారి గీత కనబడుతుంది, ఒకసారి కనబడదు. ఏది నిజమో నాకే తెలియకుండా పోయింది."

పురుగులమ్మ ఆమె వీపు నిమిరింది. తనకూ ప్రాణం లేచొచ్చినట్టే ఉంది కానీ, సంతోషించడానికి ఇంకా టైము కాలేదు.

"ఫోటో తీసి పట్టుకుపోదాం. ఇది చాలుగా?" అంది ఆడపడుచు తలెత్తి.

"చాలదు. తెర పాడైందంటారు. లేకపోతే మనమే ఏదో మాయ చేసి తెచ్చామంటారు. గీత ఎందుకు కనబడలేదో చూపించాలి. ఆ ఎందుకన్నది లోపల ఉంది, పలక సోర్స్ కోడులో, అంటే దాన్ని నడిపించే రాతలో."

ఆమె కుర్చీ లాక్కుని కొత్త తెర ముందు కూర్చుంది. ఆడపడుచు కళ్లు తుడుచుకుని పక్కనే నిలబడింది.

"నాకు అర్థమయ్యేలా చెప్తావా? మూడింటికి నన్నే కదా అడుగుతారు."

"తెరలన్నీ ఒక్కలాంటివి కావు. కొన్నిటికి రంగులొస్తాయి, కొన్నిటికి రావు. కొన్ని లావు అక్షరాలు చూపిస్తాయి. కొన్ని అక్షరం మీద గీత గీయలేవు. అందుకని పలక తెరుచుకోగానే ముందు తెరను అడగాలి, నీకేం చేతనవునని."

"రోగిని చేర్చుకునేటప్పుడు మేం అడిగినట్టు. ఏ మందు పడుతుంది, ఏది పడదని."

"సరిగ్గా అంతే. గీత గీయడం నాకు రాదని తెర చెబితే, పలక గీత మానేసి ఆ లైను ముందు 'రద్దు' అని మాటల్లో రాయాలి. అసలు జవాబే రాకపోతే, చేతకాదనే అనుకోవాలి."

"అంటే మా తెర అబద్ధం చెప్పిందా?"

"ఏమో. అడిగితే కదా అబద్ధమో నిజమో చెప్పేది. చూద్దాం."

తెరల సంగతి చూసుకునే భాగం ఒక్కటే పద్నాలుగొందల లైన్లు. దాన్ని మొదట రాసింది మాస్టారు. బడిలో మాస్టారు కాదు. ఇరవై ఏళ్ల కిందట పలకను తన రెండు చేతులతో పుట్టించిన మనిషి, ఇప్పుడు ఈ ఆఫీసుకు పెద్ద. పురుగులమ్మకు ఈ విద్య అబ్బింది ఆయన దగ్గరే. ఆయన రాత ఆమెకు బాగా తెలుసు. ఎక్కడ పేరా విరుస్తాడో, ఎక్కడ పక్కన చిన్న మాట రాసిపెడతాడో చూడకుండానే చెప్పగలదు.

ఒక్కొక్కటే కిందికి జరుపుకుంటూ పోయింది. నీకు ఎన్ని రంగులొచ్చు? ఇదుగో, ఇది మొదటి ప్రశ్న. లావు అక్షరాలొచ్చా? కింద గీత వచ్చా? మెరవడం వచ్చా? అన్నీ ఉన్నాయి. పదకొండో ప్రశ్న, అక్షరం మీద అడ్డగీత వచ్చా, అదీ ఉంది. ఒక్కోదాని జవాబు కోసం రెండు సెకన్లు ఆగమని కూడా ఉంది. ఎక్కడా తప్పు లేదు.

మరి? ఆమె మళ్లీ పైకి వెళ్లింది. ఈ ప్రశ్నల్ని అడగమని చెప్పే చోటు ఒకటుండాలి. అక్కడ ఆరు లైన్లు కనబడ్డాయి. మాస్టారి రాత కాదు. పొట్టిగా, తొందరగా రాసినట్టున్నాయి. తెర పేరు చూడు. ఆ పేరు పట్టికలో ఉంటే, పట్టికలో రాసిందే నిజమనుకో. తెరను అడగనక్కర్లేదు. వెనక్కి పో.

పదకొండు ప్రశ్నలూ కింద పొందిగ్గా పేర్చి ఉన్నాయి. వాటిని అడిగే దిక్కే లేదు.

"దొరికింది," అంది పురుగులమ్మ. "తెరను అడగడం లేదు. పేరు చూసి, అన్నీ వచ్చనుకుంటోంది. గీత గీయమని పంపిస్తోంది. పాత తెరకు ఆ మాట అర్థం కాదు, పట్టించుకోకుండా ఊరుకుంటోంది."

"పేరు చూసి మందిచ్చినట్టు," అంది ఆడపడుచు మెల్లగా. ఆ వెంటనే ఆమె మొహం మారింది. "ఎవరు వదినా? ఏ దరిద్రుడు రాశాడు ఇది?"

పలకలో ప్రతి లైనుకూ ఒక చిట్టా ఉంటుంది. దాన్ని ఎవరు, ఏ రోజు, ఎందుకు మార్చారో అందులో రాసి ఉంటుంది. పురుగులమ్మ ఆ ఆరు లైన్ల మీద వేలు పెట్టి చిట్టా అడిగింది. ఒక్క క్షణం పట్టింది.

మూడేళ్ల కిందటి తేదీ. దాని కింద కారణం: "వార్డుల్లో పలక తెరుచుకోవడానికి ఇరవై రెండు సెకన్లు పడుతోంది. నర్సులు ఆగలేమంటున్నారు. ప్రశ్నలు తీసేశాను."

దాని పక్కన పేరు. ఆమెదే.

పురుగులమ్మ ఆ పేరును రెండోసారి చదివింది. బల్ల అంచు పట్టుకుంది. మూడేళ్ల కిందట ఒక సాయంత్రం ఇంట్లో అందరూ భోజనానికి కూర్చుని ఉండగా ఇదే ఆడపడుచు డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు విసిరేసి, "వదినా, మీ పలక తెరుచుకునేలోపు మా రోగులు నయమై ఇంటికెళ్లిపోతున్నారు" అంది. అందరూ నవ్వారు. మర్నాడు ఉదయం పురుగులమ్మ గంట సేపు కూర్చుని ఆరు లైన్లు రాసింది. ఇరవై రెండు సెకన్లు ఒక్క సెకనైంది. ఆసుపత్రివాళ్లు మెచ్చుకుంటూ ఉత్తరం కూడా రాశారు. ఆమె ఇక దాని ముఖం చూడలేదు.

"ఏమైంది? ఎవరట?" ఆడపడుచు భుజం మీదుగా తొంగిచూడబోయింది.

పురుగులమ్మ చేయి తనంతట తానే కదిలి ఆ చిట్టాను మూసేసింది.

"పేరు లేదు. చాలా పాతది."

"పోనీలే. దొరికుంటే చెంప పగలగొట్టేదాన్ని." ఆ పిల్ల ముక్కు చీదుకుని, పదకొండు రోజుల తర్వాత మొదటిసారి చిన్నగా నవ్వింది. "నువ్వు లేకపోతే నేనేమైపోయేదాన్నో వదినా."



* * *

తలుపు దగ్గర దగ్గు వినిపించింది. మాస్టారు. అరవై దాటిన మనిషి, ఎప్పుడూ చొక్కా చేతులు మణికట్టు దాకా గుండీలు పెట్టుకుని ఉంటాడు. బల్ల మీది పాత తెరను, కొత్త తెరను, ఇద్దరి మొహాలను వరసగా చూశాడు.

"అమ్మా, కింద టీ మెషీనుంది," అన్నాడు ఆడపడుచుతో. "మీ వదిన పొద్దున్నించీ ఏమీ తాగినట్టు లేదు. రెండు కప్పులు పట్టుకొస్తారా?"

ఆమె వెళ్లింది. మాస్టారు తలుపు దగ్గరగా వేశాడు.

"చిట్టా చూశావా?"

పురుగులమ్మ తల తిప్పలేదు. "ఏ చిట్టా మాస్టారూ?"

"నా దగ్గర కూడానా?"

పాత తెర సన్నగా గుయ్‌మంటోంది.

"మీకెప్పుడు తెలిసింది?" అంది చివరికి.

"దర్జీ సంగతి పేపర్లో పడిన రోజే. కొట్టేసిన లైను, వార్డులో పాత తెర అనగానే అనుమానమొచ్చింది. తీసి చూశాను. నీ పేరుంది."

"పది రోజులు."

"తొమ్మిది."

"తొమ్మిది రోజులుగా తను మా ఇంట్లో తిండి మానేసి కూర్చుంది మాస్టారూ. నేను రోజూ వచ్చి మీ ఎదురుగా కూర్చుని, ఎక్కడ తప్పుందో తెలియడం లేదని చెప్పాను. మీరు తలాడించారు."

"ఆ చిట్టాలో నీ పేరు చూసి మూసేసుంటావు. ఇంకో లైను కిందికి వెళ్లుంటే నా పేరు కూడా ఉంది. సరిచూసి సరేనన్నది నేను." మాస్టారు కళ్లద్దాలు తీశాడు. తుడవలేదు, ఊరికే చేతిలో పట్టుకున్నాడు. "నాకు భయమేసిందమ్మాయ్."

పదమూడేళ్లలో ఆయన నోట ఆ మాట ఆమె వినలేదు. అది విన్నాక తన భయం రెండింతలైంది.

"విను. శుక్రవారం కొత్త వెర్షన్ వెళ్తోంది. అందులో ప్రశ్నలన్నీ తిరిగి పెట్టేశాను. ఇక ఎవరికీ ఏమీ కాదు. నువ్వు ఈ డబ్బాను ఎక్కడిది అక్కడ పెట్టెయ్."

"మరి తను?"

"మంచి వకీలును పెడదాం. ఉద్యోగం పోతే పోతుంది, మనిషి బయటపడుతుంది. అదే నువ్వు నోరు విప్పావనుకో, రేపు ఆ దర్జీకి ఏమన్నా అయితే ఎవరి మీదికొస్తుంది? ఇంటికెళ్లి మీ ఆయనకేం చెప్తావ్? నీ చెల్లెలి బతుకు కాల్చింది నా చేతిరాతేనని చెప్తావా?"

నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో ఆ మాటలు పురుగులమ్మకు చేదుగా అనిపించలేదు. శుక్రవారం ఎంతో దూరం లేదు. డబ్బా మళ్లీ కుర్చీల కిందికి పోతుంది. చిట్టా ఎవరూ చూడరు. ఆడపడుచుకు వేరే చోట ఏదో ఒక పని దొరక్కపోదు. ఇంత తేలిగ్గా, ఇంత వరసగా ఈ ఆలోచనలు వచ్చేస్తుంటే ఒళ్లు జలదరించింది. దర్జీ గురించి, పోలీసుల గురించి కలిగిన భయం వేరు. ఇది తన మీద తనకే కలిగిన భయం.

"నేను..." అంటూ ఏదో మొదలుపెట్టింది.

తలుపు తెరుచుకుంది.

ఆడపడుచు రెండు కాగితం కప్పులతో గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటినుంచి నిలబడిందో, కప్పుల్లో ఆవిరి లేదు. టీ తొణికి వేళ్ల మీదుగా కారుతున్నా తుడుచుకోవడం లేదు.

"పేరు లేదన్నావు," అంది.

"ఉంది."

"నీదా?"

"నాదే."

ఆ పిల్ల వదిన మొహంలోకి చూసింది. తిడుతుందని, కప్పులు విసిరికొడుతుందని, చెంప పగలగొడుతుందని పురుగులమ్మ ఎదురుచూసింది. అలా చేసుంటే బాగుండేదనిపించింది తర్వాత. ఆమె కప్పుల్ని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి మాస్టారి వైపు తిరిగింది.

"ఇవాళ ఏ వారమండీ?"

"మంగళవారం," అన్నాడు మాస్టారు అర్థంకాక.

"మరి శుక్రవారం దాకా వార్డులో ఆ తెరను ఎవరు చదువుతున్నట్టు?"



ఇంత పెద్ద బుర్రలున్న ఇద్దరు మనుషులు తొమ్మిది రోజులూ, పదకొండు రోజులూ, తప్పెవరిది, శిక్షెవరికి అని కొట్టుకులాడారే తప్ప, ఆ డబ్బా ఇంకా ఆ బల్ల మీదే వెలుగుతోందని ఒక్కసారి పైకి అనలేదు. కళ్లముందు ఉన్న సంగతి. దాన్ని పైకి అనడానికి ఒక నర్సు కావలసివచ్చింది.

"మందులిచ్చే టైమెప్పుడు?" అంది పురుగులమ్మ.

"పదకొండున్నరకి."

గోడ గడియారంలో పదకొండూ ఇరవయ్యేడు.

* * *

ఆడపడుచు వార్డు నంబరు నొక్కి ఫోను బల్ల మీద పెట్టింది. మాటలు అందరికీ వినబడేలా పెట్టింది. నాలుగుసార్లు మోగాక వార్డు పెద్ద నర్సు ఎత్తింది.

"అక్కా, నేను."

అవతలి గొంతు గుసగుసకు దిగింది. "నీతో మాట్లాడొద్దని ఆర్డరొచ్చిందే. నా ఉద్యోగం తీయించేలా ఉన్నావు. పెట్టేస్తున్నా."

"నా సంగతి కాదక్కా, మంచాల మీదున్నవాళ్ల సంగతి. ఒక్క నిమిషం. పెట్టెయ్యకు, నీకు దణ్ణం పెడతాను."

పెట్టెయ్యలేదు. ఊపిరి వినబడుతోంది. ఆడపడుచు ఫోనును వదిన వైపు తోసింది, కళ్లెత్తకుండా.

"అమ్మా, నేను పలక ఆఫీసునుంచి మాట్లాడుతున్నాను," అంది పురుగులమ్మ. "మీ బల్ల మీద పాత తెర ముందుకెళ్లండి. అందులో ఈ పూట ఇవ్వాల్సిన మందులు కనబడుతున్నాయా?"

"ఆ. ఎప్పుడూ ఉండేవే."

"ఎన్ని లైన్లు?"

"పందొమ్మిది."

"కొట్టేసినవి ఎన్ని?"

"ఏమీ లేవే. ఇవాళ ఒక్కటీ కొట్టెయ్యలేదు డాక్టరుగారు."

పురుగులమ్మ ఫోను మీదికి వంగింది. "కీబోర్డు పై వరసలో ఎఫ్ తొమ్మిది అని ఉంటుంది. అది నొక్కండి. గీతల బదులు మాటల్లో చూపిస్తుంది. నొక్కి, ఏం కనబడిందో చెప్పండి."

టక్ మని చప్పుడు. తర్వాత ఏమీ లేదు. ఒకటి, రెండు, మూడు క్షణాలు. మాస్టారు కళ్లద్దాలు పెట్టుకోబోయి, మళ్లీ దించేశాడు.

"అమ్మా?"

"రద్దు అని ఉంది." పెద్ద నర్సు గొంతు మారిపోయింది. "రెండో మంచం... రద్దు. ఐదో మంచం. ఓరి దేవుడా. ఎనిమిదో మంచం, సూది మందు, రద్దు. నాలుగున్నాయి. ఇందాక ఇవేవీ లేవు, నా కళ్లతో చూశాను, లేవు..."

"అక్కా, ఎనిమిదో మంచం అంటే కాలు విరిగిన కండక్టరమ్మే కదా?" ఆడపడుచు బల్ల మీదికి వంగి అరిచింది. "ఆమె సూది ఎక్కడుంది? ట్రేలో ఉందా?"

"కొత్తమ్మాయి పట్టుకెళ్లింది. ఇప్పుడే, ఇప్పుడే వెళ్లింది..."

స్టీలు ట్రే నేల మీద పడిన చప్పుడు. ఆ వెంటనే పరుగు. ఫోను పెట్టలేదు, వదిలేసి పరిగెత్తినట్టుంది. చెప్పుల చప్పుడు దూరమవుతూ దూరమవుతూ వినిపించింది. "ఆగు! ఏయ్, ఆగు!" అని ఒక కేక. తర్వాత చెప్పుల చప్పుడు ఆగిపోయింది.

ఆడపడుచు పెదాలు కదులుతున్నాయి. మందు మోతాదు లెక్కేసుకుంటోందో, మొక్కుకుంటోందో. తెలియకుండానే ఆమె చేయి పక్కకు వచ్చి వదిన మణికట్టును పట్టుకుంది. గట్టిగా, నొప్పి పుట్టేంత గట్టిగా. పురుగులమ్మ చేయి వెనక్కి తీసుకోలేదు.

అవతల ఎవరో ఫోను ఎత్తారు. పెద్ద నర్సు కాదు. మగ గొంతు.

"నేను వార్డు డాక్టర్ని. ఎవరు మాట్లాడేది? ఈ తెర సంగతి మీకెలా తెలుసు?"

మాస్టారు చేయి చాచాడు, ఫోను కట్ చేయడానికి. ఆయన వేలు బొత్తాం మీదికి వచ్చేలోపు పురుగులమ్మ ఫోనును తన వైపు లాక్కుంది.

"పలకలో ఆ లైన్లు రాసింది నేనండీ. మీ పాత తెర గీత చూపించలేదు. చూపించగలదో లేదో కనుక్కునే ప్రశ్నను మూడేళ్ల కిందట నేనే తీసేశాను. ఆ రోజు మీ నర్సు చెప్పింది నిజం. తప్పు ఆమెది కాదు, నాది. ఈ మాట మూడింటికి వచ్చి మీ అందరిముందూ చెప్తాను. ముందు ఎనిమిదో మంచం ఆవిడ ఎలా ఉందో చెప్పండి."

పక్కన ఆడపడుచు మొహం ఆమెకు కనబడటం లేదు. చూసే ధైర్యం లేదు. మణికట్టు మీద పట్టు మాత్రం సడలలేదు.

"సగం ఎక్కింది," అన్నాడు డాక్టరు. "మిగతా సగం సూది నా చేతిలో ఉంది. విరుగుడు పెడుతున్నాం, ఇంకో గంట గడిస్తే గానీ ఏమీ చెప్పలేను. మూడింటి సంగతి మూడింటికి. ఇప్పుడు నాకు ఒక్క ముక్క చెప్పండి. ఈ రకం తెరలు మా వార్డులోనే ఉన్నాయా, ఇంకెక్కడన్నా ఉన్నాయా?"

పురుగులమ్మకు తెలియదు. మూడేళ్లలో పలక ఎన్ని ఆసుపత్రులకు వెళ్లిందో, వాటిలో ఎన్ని చోట్ల ఇలాంటి డబ్బాలు వెలుగుతున్నాయో ఆమె ఎప్పుడూ అడగలేదు. తలెత్తి మాస్టారి వైపు చూసింది.

మాస్టారు గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి తీసి, బల్ల మీద పెట్టి విప్పాడు. అలాంటి తెరలున్న ఆసుపత్రుల్ని తొమ్మిది రోజులుగా ఒక్కొక్క పేరే రాసుకుంటూ వచ్చినట్టుంది, సిరా రంగులు వేరువేరుగా ఉన్నాయి.

కాగితం రెండువైపులా నిండిపోయి ఉంది.